విమానపు టిక్కెట్టు కొనుట: మొదటిసారి ప్రయాణము చేయువారికి ఒక పాఠము



పంట ఇల్లు చేరి, బాకీలు తీరి, చేతిలో నాలుగు రూపాయలు మిగిలిన యేడు, భార్యాబిడ్డలతో దూరప్రాంతము నొకదానిని చూచి రావలయునని కోరుట న్యాయమైన కోరిక. వెనుకటి దినములలో అట్టి ప్రయాణమునకు రైలే దిక్కు. ఇప్పుడు మన సంఘ సభ్యులలో పలువురు విమానమున పోవు విధమును గూర్చి మమ్ము అడుగుచున్నారు. విత్తనము, ఎరువు, పురుగుమందు సంగతులు చెప్పు మాకు విమానముల ప్రసంగ మేల యని కొందఱు తలంపవచ్చును. మేము ఇన్నాళ్లు సభ్యులకు చెప్పుచు వచ్చినది ఒక్కటే. విత్తనము కొనునప్పుడు సంచిమీది బొమ్మను చూచి మురిసిపోక, దానికి కుట్టిన చీటిని చదువవలయును. రకము, మొలకశాతము, గడువు తేది చూచుకొని, రసీదు పుచ్చుకొనవలయును. విమానపు టిక్కెట్టు కొనుటయు అట్టిదే. సొమ్ము చెల్లించుటకు ముందు చదువువానికి ఏ ఖర్చును లేదు. చెల్లించిన పిమ్మట దిద్దుకొనువానికి తఱచుగా ఖర్చు తప్పదు.

మన ప్రాంతమునకు విమానములు వచ్చిన విధము

మన దేశములో 1932 అక్టోబరు 15వ తేదీన జె. ఆర్. డి. టాటా కరాచీనుండి బొంబాయికి తపాలా సంచులతో విమానము నడిపిరి. ఆ తపాలా బళ్లారి మీదుగా మద్రాసు చేరుచుండెను. 1953లో వైమానిక సంస్థలను ప్రభుత్వము తన వశము చేసికొనెను. 1994లో ఆ చట్టము రద్దు కాగా ప్రైవేటు సంస్థలకు దారి యేర్పడెను. హైదరాబాదునకు బేగంపేటలోనున్న విమానాశ్రయము 2008 మార్చి నెలలో శంషాబాదునకు మారెను. చిన్న పట్టణములకు విమానములు నడపుటకై కేంద్రప్రభుత్వము పెట్టిన ఉడాన్ పథకము క్రింద 2017 ఏప్రిల్ 27వ తేదీన మొదలైన మార్గములలో కడప–హైదరాబాదు మార్గ మొకటి. నేడు గన్నవరము, విశాఖపట్టణము, రాజమహేంద్రవరము, తిరుపతి, కడప, కర్నూలు ప్రాంతములవారికి విమానము దగ్గఱలోనే దొరకుచున్నది. హైదరాబాదునుండి ఢిల్లీకి రైలులో ఒక పగలు, ఒక రాత్రి పట్టును. విమానములో రెండుగంటలకు పైన కొలది నిమిషములే.

ఈ పాఠము సుబోధకముగా నుండుటకై ఒక కుటుంబమును ఊహింతము. తెనాలి దాపున నొక గ్రామములోని రైతు, అతని భార్య, ముసలితల్లి, ఎనిమిదేండ్ల కుమార్తె, ఇంకను రెండేండ్లు నిండని కుమారుడు. వీరు గన్నవరమునుండి ఢిల్లీకి పోయి, ఆగ్రా చూచి, పదిదినములలో మరలి రాదలచినారు. వీరు ఏ వరుసను పనిచేయవలయునో చూతము.

మొదటిది: పేరు

టిక్కెట్టుమీది పేరును, గుర్తింపు కార్డుమీది పేరును ఒక్కటిగా నుండవలయును. విమానాశ్రయపు వాకిటనే కావలివారు రెండింటిని సరిచూచి, పిదప లోనికి విడుతురు. ఇచ్చట మన తెలుగువారికి ఒక చిక్కు గలదు. మనము ఇంటిపేరును ముందు పెట్టి, సొంతపేరును వెనుక చెప్పుదుము. టిక్కెట్టు ఫారములో సొంతపేరునకు ముందు గడియు, ఇంటిపేరునకు వెనుక గడియు ఉండును. కొందఱి ఆధారు కార్డులో ఇంటిపేరు పూర్తిగా నుండును; కొందఱి కార్డులో దానికి ఒక్క అక్షరమే యుండును; మన ముసలితల్లులలో పలువుర కార్డులలో ఇంటిపేరే లేక ఒంటిపేరు మాత్రమే యుండును.

కావున మన రైతు మొదట చేయవలసిన పని, అందఱి కార్డులను ఎదుట పెట్టుకొని, వానిమీది ఆంగ్లాక్షరములను ఒక కాగితముపై ఉన్నవి ఉన్నట్లు వ్రాసికొనుట. పిలుపుపేర్లను వ్రాయరాదు. ఇంట "బుజ్జమ్మ" యని పిలిచినను కార్డులో వేంకటసుబ్బమ్మ యని యున్నచో టిక్కెట్టులోను వేంకటసుబ్బమ్మయే. ఒంటిపేరు గలవారు రెండవ గడిని ఎట్లు నింపవలయునో ఆ సంస్థవారే తెలుపుదురు; ఆ సూచన ప్రకారమే నింపవలయును, ఊహించి వ్రాయరాదు. ఆధారు, ఓటరు కార్డు, డ్రైవింగు లైసెన్సు, పాన్ కార్డు, పాస్‌పోర్టు వీనిలో ఏదైనను చెల్లును. కాని ఏ కార్డును చూచి టిక్కెట్టు కొన్నారో ఆ కార్డునే వెంట దీసికొని పోవుట క్షేమము.

అక్షరదోషము పడినచో ఆ దినమే చూచుకొనవలయును. వైమానిక సంస్థ వెబ్‌సైటులో నేరుగా కొన్న టిక్కెట్టునకు, 24 గంటలలోపల తెలిపినచో, అదే మనిషి పేరులోని అక్షరములను అదనపు రుసుము లేకుండ దిద్దవలయునని పౌరవిమానయాన శాఖవారి నిబంధన. ఒకరి టిక్కెట్టును మఱియొకరి పేరునకు మార్చుట మాత్రము కుదరదు.

పిల్లల సంగతి. రెండేండ్లు నిండని బిడ్డను ఒడిలో కూర్చుండబెట్టుకొని, తక్కువ రుసుముతో కొనిపోవచ్చును. రెండేండ్లు నిండినచో బిడ్డకు వేఱే సీటు కొనవలయును. ఈ లెక్కకు టిక్కెట్టు కొను దినము గాక, ప్రయాణదినమే ప్రమాణము. మన రైతు కుమారునికి ఢిల్లీలో నుండగా పుట్టినదినము వచ్చినచో, పోవునప్పుడు ఒడిలోనే పోవును గాని, వచ్చునప్పుడు సీటు కావలయును. జనన ధ్రువపత్రము వెంట నుండవలయును. అందఱి టిక్కెట్టులును ఒకే పీ.ఎన్.ఆర్. సంఖ్యక్రింద కొనుట మేలు. అట్లున్నచో 12 ఏండ్లలోపు పిల్లలకు తల్లిదండ్రులలో ఒకరి ప్రక్కనే సీటు ఇయ్యవలయునని 2024 ఏప్రిల్‌లో ఆదేశము వెలువడినది.

రెండవది: దినము, గంట, తావు

టిక్కెట్టులోని గంటలు 24 గంటల లెక్కలో నుండును. 17:40 అనగా సాయంకాలము 5 గంటల 40 నిమిషములు. ఇంతకంటె పెద్ద పొరపాటు అర్ధరాత్రి విమానములయందు కలుగును. మన పంచాంగము ప్రకారము వారము సూర్యోదయమునుండి సూర్యోదయమువఱకు. విమానములవారికి దినము అర్ధరాత్రితో మారును. "బుధవారము 12వ తేది, 00:30" అని యున్నచో, మనము మంగళవారము రాత్రి భోజనము చేసి బయలుదేరవలయును. బుధవారము రాత్రి పోయినవానికి విమానము వెళ్లి ఒక దినమైనదని తెలియును. అట్టి టిక్కెట్టు కొన్నచో ఇంటి గోడమీది క్యాలెండరులో బయలుదేరవలసిన రాత్రినే గుర్తు పెట్టుడు.

తావును గూర్చియు జాగ్రత్త వలయును. గోవాలో దక్షిణమున దబోలిమ్, ఉత్తరమున 2023 జనవరినుండి మోపా, ఈ రెండు విమానాశ్రయములును గలవు. బొంబాయికి 2025 డిసెంబరునుండి నవీముంబయి విమానాశ్రయము కూడ గలదు. ఢిల్లీ విమానాశ్రయమున టెర్మినళ్లు పెక్కులు. ఒకటవ టెర్మినలు మూడవదానికి చాల దూరము. ఏ ఆశ్రయము, ఏ టెర్మినలు అనునది టిక్కెట్టుమీద చదివి, ప్రయాణమునకు ముందుదినము మరల సరిచూచుకొనవలయును.

మధ్యలో దిగి వేఱొక విమాన మెక్కవలసిన టిక్కెట్టులు కొన్ని గలవు. రెండు విమానములు ఒకే టిక్కెట్టుమీద నున్నచో, మొదటిది ఆలస్యమై రెండవది తప్పిపోయినను చక్కబెట్టు భారము సంస్థపై నుండును. మనమే వేఱువేఱుగా రెండు టిక్కెట్టులు కొన్నచో ఆ నష్టము మనదే. మొదటిసారి పోవువారు, అందును ముసలివారు, పసిబిడ్డలు వెంట నున్నవారు, కొంచెము వెల యెక్కువైనను మధ్యలో ఆగని విమానమునే కొనుట యుక్తము. డిసెంబరు, జనవరి నెలలలో ఢిల్లీలో తెల్లవారుజామున మంచు దట్టముగా పట్టి విమానములు నిలిచిపోవుచుండును. ఆ నెలలలో మధ్యాహ్నపు విమానము మేలు.

మూడవది: వెల

బస్సు టిక్కెట్టునకు వలె విమానమునకు ఒకే వెల లేదు. మిర్చియార్డులో ధర పూట పూటకు మారునట్లు ఇదియు మారుచుండును. ఒక విమానములోని సీట్లను సంస్థవారు కొన్ని అంతరువులుగా విభజింతురు. తక్కువ వెల సీట్లు ముందు అమ్ముడుపోవును; అవి తీరినకొలది పై వెల వచ్చును. అందుచేత ప్రక్కప్రక్కన కూర్చున్న యిద్దఱు వేఱువేఱు వెలలు ఇచ్చియుండవచ్చును. సంక్రాంతికి ముందు హైదరాబాదునుండి కోస్తాకు, పండుగ గడచిన పిమ్మట కోస్తానుండి హైదరాబాదునకు గిరాకి యెక్కువ. దసరా, వేసవి సెలవులును అట్టివే. సెలవు ప్రయాణము తేది మన చేతిలోనిది గావున, ఒకటి రెండు నెలల ముందుగా, పండుగల రద్దీ లేని దినములు చూచి కొనువారికి సాధారణముగా లాభము.

వెలలో ఏమేమి యున్నవో చదువవలయును. మూలవెల, ఇంధనపు రుసుము, విమానాశ్రయ వినియోగపు రుసుము, భద్రతా రుసుము, సాధారణ తరగతికి నూటికి 5 వంతున జీ.ఎస్.టీ., ఇవి గాక కొన్నచోటివారు వేయు సౌకర్యపు రుసుము. మొదటి పుటలో పెద్ద అంకెలలో కనుపించునది తుది వెల కాదు.

ఒక లెక్క చేసి చూతము. ఈ అంకెలు ఉదాహరణకు మాత్రమే. ఒకచోట తలకు 4,600 రూపాయలని యున్నది; కాని అందు పెద్ద సామానునకు అనుమతి లేదు. సామానునకు 900, సౌకర్యపు రుసుము 300 కలుపగా 5,800 అగును. వేఱొకచోట 5,100 అని యున్నది. 15 కిలోల సామాను అందులోనే చేరియున్నది. సౌకర్యపు రుసుము 300 కలుపగా 5,400. మొదట 500 తక్కువ యనుకొన్నది తుదకు 400 ఎక్కువైనది. నలుగురికి 1,600 తేడా. తిరుగుప్రయాణము గూడ లెక్కించిన 3,200. చేతిసంచితోనే పోయివచ్చు ఒంటరివానికి మాత్రము మొదటిదే చౌక. కావున ఎవని అవసరమును బట్టి వాడు తుది పుటలోని మొత్తమును పోల్చి చూడవలయును.

సీటు ఎన్నుకొనుటకు కొన్నిచోట్ల వేఱే సొమ్ము అడుగుదురు. భోజనము, బీమా మొదలగు వానికి ఎదుట ముందుగానే గుర్తు పెట్టియుండవచ్చును. అక్కఱలేని గుర్తులను తీసివేయవలయును. సీటు మనము కోరనిచో ప్రయాణమునకు ముందు చేయు చెకిన్‌లో వారే ఏదో యొక సీటు ఇత్తురు.

నాలుగవది: షరతులు

వానలు ముందు వచ్చుట, కాలువకు నీరు విడుచుట, కోతకు కూలీలు దొరకుట, ఇవి సేద్యగాని ప్రయాణమును ఏ దినమైనను మార్పగలవు. ఉద్యోగస్థునికంటె మనకు ఈ షరతుల పుట ముఖ్యము. మిక్కిలి చౌక టిక్కెట్టును రద్దు చేసికొన్నచో మూలవెలలో చాలభాగము, ఒక్కొక్కప్పుడు అంతయు పోవచ్చును. ఐనను ప్రభుత్వపు పన్నులు, విమానాశ్రయపు రుసుములు తిరిగి యియ్యక తప్పదు. ప్రయాణము చేయకుండిన వానికిని ఈ హక్కు గలదు. ఈ సంగతి తెలియక ఆ సొమ్మును అడుగనివారు పెక్కుమంది.

కొన్న పిమ్మట మనస్సు మారినచో 48 గంటలలోపల రద్దు రుసుము లేకుండ విడిచిపెట్టుటకు నిబంధన గలదు. కాని ప్రయాణమునకు ఇంకను ఏడు దినములైన నున్నప్పుడే ఇది వర్తించును. సంస్థవారే విమానమును రద్దు చేసినచో వేఱొక విమానమో, పూర్తి సొమ్మో మనము కోరినది ఇయ్యవలయును. గన్నవరము–ఢిల్లీ వంటి ప్రయాణములో రెండుగంటలు మించిన ఆలస్యమునకు, మనము సకాలమున హాజరైయున్నచో, ఫలహారమీయవలయును. ఆరుగంటలు మించునని తెలిసినచో మఱియొక విమానమునో, పూర్తి సొమ్మునో అడుగవచ్చును.

2025 డిసెంబరు మొదటివారమున, పైలట్ల విశ్రాంతి నిబంధనలు మారిన సందర్భములో, దేశమంతట వేలకొలది విమానములు రద్దయ్యెను. పెండ్లిండ్లకు, పరీక్షలకు పోవువారు విమానాశ్రయములలోనే రాత్రులు గడపిరి. దీనినిబట్టి నేర్వవలసినది, తిరుగుప్రయాణమునకును ఇంటివద్ద తప్పనిసరియైన పనికిని నడుమ ఒక దినమైన విడిచియుంచుట. సొసైటీ బాకీ గడువునాటి ఉదయమునకు వచ్చిచేరు టిక్కెట్టు కొనరాదు.

అయిదవది: ఎవరివద్ద కొనవలయును

సంస్థ వెబ్‌సైటునందు గాని, యాప్‌లో గాని నేరుగా కొనుట మొదటి మార్గము. ఫోను వాడుక తెలియనివారు పట్టణములోని ఏజెంటువద్ద కొనవచ్చును. అతడు శ్రమకు రుసుము పుచ్చుకొనుట తప్పు గాదు. ఐతే మూడు పట్టుదలలు వలయును. టిక్కెట్టులో అతని సెల్‌ఫోను నెంబరు గాక మన నెంబరు ఉండవలయును. ఏలయన, గంట మారినను, విమానము రద్దైనను కబురు ఆ నెంబరునకే వచ్చును. అతని రుసుము ఎంతయో వేఱుగా చూపు రసీదు కావలయును. ఆరు అక్షరముల పీ.ఎన్.ఆర్. సంఖ్యను ఆ సాయంకాలమే సంస్థ వెబ్‌సైటులో వేసి, పేర్లు, తేదులు ఉన్నవో లేవో చూచుకొనవలయును. ఏజెంటుద్వారా కొన్న టిక్కెట్టు సొమ్ము వాపసు వచ్చునప్పుడు అతని ద్వారానే వచ్చునని మఱువరాదు.

ఇంటర్నెట్టులో వెదకి దొరకిన ఏదో యొక నెంబరునకు ఫోను చేసి "సొమ్ము వాపసు కావలయును" అనువారిని మోసగాండ్రు పట్టుకొనుచున్నారు. సంస్థవారి నెంబరును సంస్థ వెబ్‌సైటులోనే చూచుకొనవలయును. ఓ.టీ.పీ. సంఖ్యను ఎవ్వరికిని చెప్పరాదు. సొమ్ము పోయినచో ఆ క్షణమే 1930 నెంబరునకు ఫోను చేయవలయును. సంస్థలపై ఫిర్యాదులకు ప్రభుత్వమువారి ఎయిర్‌సేవ గలదు. వినియోగదారుల సహాయమునకు 1915 నెంబరు గలదు.

ఆఱవది: సామాను, ప్రయాణదినము

మన దేశపు విమానములలో సాధారణ తరగతివారికి తఱచుగా పెద్ద సామాను 15 కిలోలు, చేతిసంచి 7 కిలోలు అనుమతి. మీ టిక్కెట్టులో వ్రాసినదే ప్రమాణము. ఇంటివద్దనే, లేక సంఘపు కాటామీదనే, తూచుకొని పొండు. విమానాశ్రయములో ప్రతి అదనపు కిలోకును రుసుము హెచ్చు.

కొడవలి, చాకు, కత్తెర చేతిసంచిలో ఉండరాదు. కారము, ఊరగాయ పెద్ద సామానులో బిగువుగా కట్టి వేయవలయును. ఎండుకొబ్బరి త్వరగా అంటుకొను స్వభావము గలది గావున రెండింటను నిషిద్ధము. అగ్గిపెట్టె, పురుగుమందు ఏ సంచిలోను పనికిరావు. ఫోనునకు వాడు పవర్‌బ్యాంకు మాత్రము పెద్ద సామానులో వేయక చేతిసంచిలోనే యుంచవలయును.

ముసలితల్లికి చక్రాల కుర్చీ కావలసినచో టిక్కెట్టు కొనునప్పుడే, తప్పినచో 48 గంటల ముందుగానైన, కోరవలయును. చెకిన్ సాధారణముగా బయలుదేరుటకు 60 నిమిషముల ముందే మూసివేయుదురు. విమానద్వారము 25 నిమిషముల ముందు. కావున రెండుగంటల ముందుగా ఆశ్రయము చేరవలయును. తెనాలినుండి గన్నవరమునకు దారిలో విజయవాడ రద్దీ గలదని గుర్తుంచుకొని ఇల్లు కదలవలయును. ముఖము చూచి లోనికి విడుచు డిజియాత్ర పద్ధతి 2022 డిసెంబరులో మొదలై, 2023లో హైదరాబాదు, విజయవాడలకు వచ్చినది. అది ఇష్టమైనవారికి మాత్రమే. కార్డు, టిక్కెట్టు చూపి పోవు దారి ఎప్పటివలె గలదు.

సభ్యులు తమ్ము తాము అడుగవలసిన ప్రశ్నలు

సొమ్ము చెల్లించు మీట నొక్కుటకు ముందు ఈ ఆఱు ప్రశ్నలకు జవాబు చెప్పుకొనుడు.

1. ప్రతివారి పేరును కార్డులో నున్నట్లే యున్నదా?
2. తేది, గంట సరియేనా? అర్ధరాత్రి దాటిన విమానమైనచో ఏ రాత్రి బయలుదేరవలయును?
3. ఏ ఊరిలో ఏ విమానాశ్రయము, ఏ టెర్మినలు?
4. అన్ని రుసుములు కలిపి తుది మొత్తమెంత? సామాను అందులో చేరినదా?
5. పని తగిలి పోలేకున్నచో ఎంత పోవును, ఎంత తిరిగి వచ్చును?
6. టిక్కెట్టులోని సెల్‌ఫోను నెంబరు మనదేనా?

ఆఱింటికిని జవాబు దొరకనిచో ఆ పూట టిక్కెట్టు కొనకుడు. చదువుకొన్న కుమార్తెచేతనో, సంఘపు గుమాస్తాచేతనో చదివించుకొని మఱునాడు కొనుడు. ఒక దినములో వెల కొంత పెరిగినను పెరుగవచ్చును; కాని పేరు తప్పిన టిక్కెట్టుతో విమానాశ్రయపు వాకిటనుండి కుటుంబమంతయు మరలివచ్చుటకంటె ఆ నష్టము స్వల్పము. మన చేతిలోని సొమ్ము ఒక యేటి కష్టఫలము. దానిని పొలములో పెట్టునప్పుడు చూపు జాగ్రత్తనే ప్రయాణమున పెట్టునప్పుడును చూపినచో, పోయినవారు సుఖముగా పోయి, చూడవలసినవి చూచి, తొలకరి నాటికి ఇల్లు చేరగలరు.